తువ్వాల వేసిన చోటు

ఇచ్చోడ దగ్గర రోడ్డు వెడల్పు చేస్తున్న జేసీబీ మధ్యాహ్నం రెండుంపావుకు కేబుల్‌ను తెంపింది. జేసీబీ నడిపేవాడికి అది వానపామును తెంపినంత పని. ఇక్కడ కరీంనగర్ ఆఫీసులో నవనీత ముందున్న స్క్రీన్ మీద మాత్రం ఆదిలాబాద్ వైపు గీతలన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి.

ఆ ఎరుపు చూసి ఆమె భయపడలేదు. ఆరేళ్ళుగా ఆ టెలికాం కంపెనీలో ఆమె చేసే పనే అది. ఏ సర్క్యూట్ ఏ కేబుల్ మీద, ఏ పెట్టె గుండా, ఎన్నో చోటులో పోతోందో రాసిపెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఇన్వెంటరీ అంటారు దాన్ని. ఒక దారి తెగితే ఆ దారి మీది సర్క్యూట్లను అందులోనే ఇంకో దారికి మళ్ళించాలి. పూర్వం ఎవరో ఒకరు పెట్టె దగ్గరికి వెళ్ళి చేత్తో కలిపేవారు. పోయినేడు నుంచి పెట్టెలన్నిటినీ ఈ సాఫ్ట్‌వేరే నడుపుతోంది. అందులో రాత సరిగ్గా ఉంటే నిమిషంలో పని అవుతుంది. రాత తప్పితే బ్రహ్మదేవుడు దిగి వచ్చినా కాదు.

ఆమెకు భయం వేసింది గడియారం చూశాక. మన టైము ప్రకారం సరిగ్గా నాలుగు గంటలకు మస్కట్‌లో ఆమె తమ్ముడు అరుణ్‌ను గుండె ఆపరేషన్‌కు లోపలికి తీసుకుపోతారు.

అరుణ్‌కు ఇరవై ఆరేళ్ళు. అక్కడ టైల్స్ పని చేస్తాడు. పది రోజుల కింద పని మీదే ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. పుట్టుకతోనే గుండెలో ఏదో కవాటం సరిగ్గా లేదట, ఇన్నేళ్ళూ ఎవరికీ తెలియలేదు. ఆపరేషన్ చెయ్యకపోతే బతకడన్నారు. చేస్తే బతుకుతాడా అంటే డాక్టర్లు ఆ మాటా గట్టిగా చెప్పలేదు, కాగితం మీద సంతకం మాత్రం పెట్టించుకున్నారు. అతనితో ఒకే గదిలో ఉండే రంజిత్ పొద్దున ఫోన్ కలిపి అరుణ్ చేతికిచ్చాడు.

"నీతోనైతే మాట్లాడిన అక్కా. ఇగ అవ్వతోని ఒక్కసారి మాట్లాడిపియ్యి. అవ్వ మొకం చూసి లోపలికి పోత. నాలుగింటికి," అన్నాడు.

"ఫికర్ జెయ్యకు. మాట్లాడిపిస్త," అంది నవనీత. ఫోన్ల కంపెనీలో పనిచేసే అక్క ఆ మాట ఇవ్వడానికి ముందూ వెనకా చూసుకుంటుందా?

వాళ్ళిద్దరినీ కన్న అవ్వ, లస్మవ్వ, ఉండేది ఇచ్చోడ నుంచి లోపలికి పద్దెనిమిది కిలోమీటర్లు. పొరుగింటి కోడలి ఫోన్‌లో వీడియో మాట్లాడాలని అనుకున్నారు. ఆ ఊళ్ళో ఎవరి ఫోన్ పలకాలన్నా ఉన్నది ఒక్క టవరే. ఆ టవర్‌కు పోయే సర్క్యూట్ ఇప్పుడు తెగిన కేబుల్ మీద ఉంది.

మేనేజర్ రాంచందర్ తన గదిలోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. "ముందుగాల దవాఖానలు, అటెన్క బ్యాంకులు, గప్పుడు టవర్లు. పెద్దయి ముందు, చిన్నయి ఎనుక," అన్నాడు. మొత్తం ఇరవై నాలుగు సర్క్యూట్లు. వాటిలో అన్నిటికంటే చిన్నది అవ్వ ఊరి టవర్. తలుచుకుంటే నవనీత దాన్ని మొదటే మళ్ళించేది, అడిగేవాడు లేడు. కానీ మా ఊరిదని ముందుకు జరుపుకుంటే బాగుండదనుకుంది. నాలుగు ఇంకా దూరంలో ఉన్నప్పుడు మంచిగా ఉండడం తేలికే.

మూడూ ఐదుకల్లా ఇరవై మూడు సర్క్యూట్లు మళ్ళాయి. ఇరవై నాలుగోది నొక్కింది. స్క్రీన్ మీద ఎర్ర డబ్బా తెరుచుకుంది. ఎంచుకున్న దారిలో ఖాళీ చోటు లేదు, మళ్ళింపు కుదరదు అని అందులో ఉంది.

మళ్ళీ నొక్కింది. అదే మాట. బయటికి వచ్చి పాస్‌వర్డ్ కొట్టి మళ్ళీ లోపలికి వెళ్ళింది. అదే మాట. నిర్మల్ వైపు నుంచి తిప్పి చూద్దామంటే ఆ కేబుల్ వారం కిందటే రోడ్డు పనుల్లో తెగి ఇంకా అతకలేదు. గోరుచుట్టు మీద రోకటి పోటు! ఇక మిగిలింది ఉట్నూరు గుట్టల మీదుగా పోయే సన్నని దారి ఒక్కటే. దానిలో ఉన్నవి పదహారు చోట్లు. పదహారూ నిండి ఉన్నాయంటోంది సాఫ్ట్‌వేర్.

ఇచ్చోడ స్టేషన్‌లో ఉన్న టెక్నీషియన్ కొండల్‌కు ఫోన్ చేసింది. "కొండల్, మా అవ్వను నీ బండి మీద ఇచ్చోడకు తోలుకరావస్తదా? గక్కడ వేరే నెట్‌వర్క్ దొరుకుతది."

"దారంత బురదనే అక్కా. పోను గంట, రాను గంట. ఐదు దాటుతది," అన్నాడు కొండల్. అతనికి అరుణ్ సంగతి తెలుసు. "కేబుల్ అతికెటోళ్ళు గూడ ఆదిలాబాద్‌ల వేరే పని మీదున్నరు. రేపు పొద్దుగాల గాని రారట."

నవనీత పదహారు చోట్ల జాబితా తెరిచి ఒక్కొక్కటే చదివింది. పదిహేనింటికి సరైన పేర్లున్నాయి, ఎవరివో తెలుసు. పదహారో దాని ఎదురుగా టెస్ట్ అని మాత్రమే ఉంది. రాసినవారి పేరు చూసింది. నవనీత. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటి నెల తేదీ.

అది తువ్వాల. కరీంనగర్ బస్టాండ్‌లో పండుగ పూట బస్సెక్కినవాళ్ళకు దాని సంగతి చెప్పనక్కర్లేదు. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాల విసిరితే ఆ సీటు మనది. ఎక్కేసరికి పక్కవాడు నిలబడే ఉంటాడు గానీ తువ్వాల తీసి కూర్చోడు. ఆఫీసులో కూడా ఆ మర్యాద నడిచింది. గుట్టల దారిలో ఉన్న కాసిని చోట్లనూ మందమర్రి వైపు జట్టు ఎగరేసుకుపోతుందని, ఖాళీ చోటు మీద ఉత్త పేరొకటి రాసిపెట్టేవారు. కొత్తగా చేరిన నవనీతకు ఈ విద్య నేర్పింది సీనియర్ టెక్నీషియన్ మొగిలి. "సీటు గావాల్నంటె ముందుగాల తువ్వాల ఎయ్యాలె బిడ్డా, ఎక్కుడు తర్వాత," అనేవాడు. ఆమె వేసింది. వేసి మరిచిపోయింది.

ఆమెకు ప్రాణం లేచి వచ్చింది. తన తువ్వాల తను తీసుకోవడానికి ఎవరిని అడగాలి? తీసెయ్యి అనే మీట మీదికి వేలు పోయింది. ఆరేళ్ళ అలవాటు ఆ వేలిని ఆపింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నది ఉత్త పేరే కావచ్చు, పెట్టెలో ఏముందో చూడందే ముట్టుకోకూడదు.

"కొండల్, గుట్టల దారి పెట్టె నీ ముంగటనే ఉంది గద? పదహారో చోటు లైటు చూడు."

చెప్పుల చప్పుడు వినిపించింది. "ఎలుగుతుంది అక్కా. పచ్చగ కొట్టుకుంటుంది."

నవనీత జాబితాలో పదహారో వరస మళ్ళీ చూసింది. "ఉత్తగ గూడ కొట్టుకుంటది గద ఒక్కొక్కపారి?"

"కొట్టుకుంటది... ఒక్కొక్కపారి," అన్నాడు. ఆమెకు ఏ మాట కావాలో కనుక్కుని ఆ మాటే ఇచ్చాడు పాపం.

ఆ చోటులో ఏమైనా ఉంటే మొగిలికే తెలియాలి. అతను పోయినేడు రిటైరయ్యాడు. ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. ఐదుసార్లు చేసింది. కొండల్ మళ్ళీ లైన్‌లోకి వచ్చి, "మొగిలి కాక పొద్దుగాల్నే వేములవాడ పోయిండక్కా, కోడె మొక్కుంది. ఫోన్ కౌంటర్ల ఇచ్చి లైన్ల నిలవడ్డడు గావచ్చు," అన్నాడు. గుడి చుట్టూ కోడెను తిప్పి కట్టే ఆ మొక్కు లైన్ ఎంత పొడుగుంటుందో తెలియనివాళ్ళు ఈ జిల్లాలో లేరు.

మూడూ ముప్పైకి లేచి రాంచందర్ గదిలోకి వెళ్ళింది. అతను తల ఎత్తకుండానే విన్నాడు. "పేరు లేని సర్క్యూట్‌ను అడుగకుంట తియ్యరాదు. చెకింగ్‌కు రిక్వెస్ట్ పెట్టు. రేపో ఎల్లుండో చూస్తరు."

"మా తమ్మునికి నాలుగింటికి ఆపరేషన్ సార్. మా అవ్వ ఒక్కసారి..."

"నాకు తెల్సు గదమ్మా. నేనేం జెయ్యాలె చెప్పు? సిస్టమ్ గట్లుంది," అన్నాడతను. చెడ్డవాడేం కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వని గుడిలో అతనూ ఒక మెట్టు మీద కూర్చున్నాడు, అంతే.

వచ్చి కుర్చీలో కూర్చుని గడియారం చూసింది. మూడూ ముప్పై ఎనిమిది. అవ్వ ఇప్పుడు పొరుగింటి అరుగు మీద కూర్చుని ఉంటుంది. సిగ్నల్ పోయిందని కోడలు చెప్పినా లేవదు. మా నవనీత ఆఫీసుల ఉంది, అదే తెప్పిస్తదని అందరికీ చెబుతూ ఉంటుంది. ఆసుపత్రి మంచం మీద అరుణ్ ఫోన్‌ను మొహానికి ఎదురుగా పట్టుకుని ఉంటాడు. ఇద్దరి మధ్యా ఉన్నది సముద్రం కాదు, ఆరేళ్ళ కింద తాను రాసిన ఒక పేరు.

మీట నొక్కింది. సాఫ్ట్‌వేర్ ఒకటి అడిగింది. ఈ సర్క్యూట్ మీద వినియోగదారులు ఎవరూ లేరని మీరు ధ్రువీకరిస్తున్నారా?

లైటు అలా కొట్టుకుంటే అవతల ఎవరో ఉన్నట్టే. అది నవనీతకు తెలుసు. తెలిసీ అవునని నొక్కింది. సమయం మూడూ నలభై ఒకటి.

మూడూ నలభై నాలుగుకు అవ్వ ఊరి టవర్ పచ్చబడింది.

నాలుగూ ఇరవైకి లస్మవ్వే ఫోన్ చేసింది. "మాట్లాడిన బిడ్డా! సూసిన కడుపార. నెత్తి మీది కొంగు తియ్యవ్వా, మొకం కనవడ్తలేదన్నడు. తీసిన. నీ ఎంటికలన్ని తెల్లగైనయి గదనె అని నవ్విండు. పెయ్యంత పైపులే గాని, నవ్విండు బిడ్డా. నువ్వు లేకుంటె గీ మాటలు నాకు దొరుకకపోవు."

నవనీత బాత్రూమ్‌లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడ్చింది. సంతోషానికే ఏడ్చింది. మొహం కడుక్కుని వచ్చేసరికి బల్ల మీద ఫోన్ మోగుతోంది. మొగిలి.

"ఏం బిడ్డా, గన్ని ఫోన్లు జేసినవు? ఇప్పుడే కోడె కట్టి బయటవడ్డ."

"కాకా, గుట్టల దారిల పదహారో చోటు... నా టెస్ట్ ఉండె గద. దాని మీద ఏమన్న ఉండెనా?"

"ఉన్నది. దాన్ని తియ్యకు బిడ్డా," అన్నాడు మొగిలి, ఎంతో మామూలుగా. "గుట్ట మీది టవర్ గది. మూడేండ్ల కింద వానలకు దాని తీగ కొట్టుకపోతె నేనే చేత్తోని నీ చోట్ల కలిపిన. తొమ్మిది గూడేలు దాని కిందనే ఉన్నయి. వాగు పొంగితె గుట్ట దిగరాదు. 108కి చెయ్యాల్నన్నా, పాము గర్సిందని ఆశా వర్కరమ్మకు చెప్పాల్నన్నా గదొక్కటే దిక్కు. నీకు చెప్పిన గద, రాసుకో అని?"

చెప్పాడు. మూడేళ్ళ కింద ఆ రోజు ఆరు చోట్ల కేబుళ్ళు తెగాయి. ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో మౌస్ పట్టుకుని, రాస్త కాకా అంది. ఆ గొంతు ఇప్పుడు తన చెవిలోనే వినిపిస్తోంది. రాయలేదు.

"తీసిన కాకా," అంది. మూడూ నలభై ఒకటి నుంచి గంట గడిచింది. ఆ గంటలో గుట్ట మీద ఎవరు ఎవరిని పిలవాలనుకున్నారో, ఎన్నిసార్లు నొక్కారో ఎవరికి తెలుసు? మొగిలి తిట్టకుండా, "గా టవర్ నంబర్లన్ని నాకు నోటికే ఉన్నయి. చోటు ఖాళీ జెయ్యి, చెప్త," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

చోటు ఖాళీ చెయ్యాలి. ఆ చోటులో ఇప్పుడు అవ్వ ఊరుంది. ఆపరేషన్ ఐదారు గంటలు పడుతుందని, అయ్యాక అవ్వకే చేస్తానని రంజిత్ చెప్పాడు.

రాంచందర్‌కు ఉన్నదున్నట్టు చెప్పింది. అతను తలుపు దగ్గరికి వేశాడు. "కంప్లయింట్ వచ్చిందా?"

"రాలే."

"రాలేదంటె ఇప్పుడు పరేషాన్ ఎందుకు? రేపు పొద్దుగాల ఇచ్చోడ కేబుల్ అతుకుతరు, గప్పుడు గుట్టది పెట్టుకుందాం. జేసీబీతోని పోయిందని రాయి. నీ నౌకరి గూడ ఉంటది."

"ఫోన్ లేనోళ్ళు కంప్లయింట్ ఎట్ల జేస్తరు సార్?"

నవనీత బయటికి వచ్చి అవ్వకు ఫోన్ కలిపింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక చెప్పాల్సింది తలాతోకా లేకుండా చెప్పింది. నీకు ఇప్పిచ్చిన లైను వేరేటోళ్ళది అవ్వా, గుట్ట మీది గూడేలది, నాకు అనుమానం ఉండంగనే గుంజుకున్న, మళ్ళ ఇచ్చెయ్యాలె, నీ ఫోన్ పోతది, రేపటిదాకా రాదు.

అటు ఎవరో కోళ్ళను అదిలిస్తున్న చప్పుడు.

"ఆపరేషన్ కబురో?" అంది లస్మవ్వ.

"రంజిత్‌కు చెప్త. నాకు చేస్తడు."

"జర రాత్రిదాంక ఉంచరాదు బిడ్డా?"

ఆ అడగడంలో కోపం లేదు, బతిమాలడమే ఉంది. ఉంచుతానని నవనీత నాలుక చివరిదాకా వచ్చింది. అవ్వే మళ్ళీ మాట్లాడింది.

"గుట్ట మీద గూడ అవ్వలుంటరు తియ్యి. నాకైతె పిలగాన్ని సూపిచ్చినవు. గాళ్ళకు ఎవలు సూపియ్యాలె?" ముక్కు చీదింది. "ఒక్కటి చెప్త ఇను. కబురు మంచిదైతె గా కొండల్‌ను పంపు. బండి చప్పుడు ఇనవడంగనే నాకు సమజైతది. చెడ్డదైతె పరాయోని నోట చెప్పియ్యకు. నువ్వే రా."

"అవ్వా..."

"పెట్టెయ్యి బిడ్డా. ఆడ ఎవలకేం ఆపతి ఉందో."

ఐదు గంటలకు నవనీత అవ్వ ఊరిని తీసేసింది. మొగిలి వేములవాడ బస్టాండ్‌లో నిలబడి, బస్సుల హారన్ల మధ్య అరుస్తూ ఒక్కొక్క నంబరే చెప్పాడు. ఆమె టెస్ట్ అనే పేరు ఉన్నచోట గుట్ట మీది టవర్ అని, దాని కింద తొమ్మిది గూడేల పేర్లూ రాసింది. ఈసారి ఎర్ర డబ్బా రాలేదు. ఐదూ పదకొండుకు పదహారో లైటు మళ్ళీ కొట్టుకుంటోందని కొండల్ చెప్పాడు. గంటన్నర ఎందుకు పోయిందో రాసే కాలమ్‌లో జేసీబీ అని రాయలేదు. తన పేరు రాసి, అవతల ఎవరో ఉన్నారని తెలిసీ తీశానని రాసి పంపింది. రాంచందర్ తన గది అద్దంలోంచి చూస్తూ ఉన్నాడు గానీ లేచి రాలేదు.

కబురు తనకే చెయ్యమని రంజిత్‌కు మెసేజ్ పెట్టి, కొండల్‌కు అవ్వ చెప్పిన మాట చెప్పింది.

"రాత్రి పదైనా సరే అక్కా, పోత," అన్నాడు. "బండ్ల పెట్రోల్ గూడ పోయించుకుని ఉంట."

తర్వాత చెయ్యడానికి పని లేకుండా పోయింది. తొమ్మిది దాకా కబురు రాదు. నవనీత ఫోన్‌ను బోర్లా పెట్టింది, మళ్ళీ తిప్పింది. అరుణ్ లోపల ఉన్నాడు, అవ్వ దారి మీద చెవి వేసుకుని ఉంది. ఇద్దరికీ మధ్య ఇప్పుడు తానొక్కతే ఉంది. కబురంటూ వస్తే తన గుండా పోవలసిందే. దేవుడా తొమ్మిది దాకా ఏ ఫోనూ రాకుండా చూడు అని మొక్కుకుంది.

ఐదూ యాభైకి ఫోన్ మోగింది. రంజిత్.

ఎత్తింది. అతను అక్కా అన్నాడు. వెనకాల ఎవరో అరబ్బీలో మాట్లాడుతున్నారు. మళ్ళీ అక్కా అన్నాడు, ఆ తర్వాత ఏడుపు తప్ప మాట రాలేదు. నవనీత ఫోన్ పెట్టేసి, బ్యాగు భుజానికి వేసుకుని, మెట్లు దిగుతూ కొండల్‌కు చేసింది.

"కబురొచ్చిందా అక్కా? బండి తియ్యాల్నా?" కొండల్ గొంతులో తొందర.

"నువ్వు పోకు తమ్మీ," అంది నవనీత. "నేనే పోతున్న."